సర్వర్‌కి ఊరూ పేరూ: రివర్స్ డీఎన్ఎస్ మీద ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం.

ముందు ఒక లాగ్ లైన్ చెప్తాను. సొంతంగా పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ ప్రోగ్రాము నడిపేవాళ్లు దీన్ని చూసే ఉంటారు. ఎక్కడి నుంచో ఒక మిషన్ వచ్చి మన సర్వర్‌లో మెయిల్ వచ్చే 25వ పోర్టు తలుపు తట్టింది. అప్పుడు లాగ్‌లో "కనెక్ట్ ఫ్రమ్ అన్‌నోన్" అని, దాని పక్కనే చదరపు బ్రాకెట్లలో 203.0.113.25 అని పడుతుంది. నంబరు దొరికింది, పేరు దొరకలేదు. ఇలాంటివాళ్లని మనం ఊరూ పేరూ లేనివాళ్లు అంటాం. వచ్చినవాడు దొంగ అని ఆ లైను చెప్పడం లేదు. ఎవరని అడిగితే చెప్పే దిక్కు లేదని మాత్రం చెప్తోంది.

అదే లైను అవతలివాళ్ల సర్వర్‌లో, మన ఐపీతో, అంటే మన సర్వర్ నంబరుతో పడిందనుకోండి. ఈ రోజు నేను మాట్లాడబోయేది దాని గురించే.

డీఎన్ఎస్ అంటే పేరు ఇస్తే నంబరు చెప్పేదని మనందరికీ తెలుసు. మెయిల్ డాట్ ఎగ్జాంపుల్ డాట్ ఆర్గ్ ఎక్కడుంది అని అడిగితే 203.0.113.25 అని జవాబొస్తుంది. దాన్ని ఏ రికార్డు అంటాం. రివర్స్ డీఎన్ఎస్‌లో ప్రశ్న తిరగబడుతుంది. నంబరు ఇచ్చి పేరు అడుగుతాం. జవాబు చెప్పేది పీటీఆర్ రికార్డు. ఇది కొత్తగా వచ్చిన ఏర్పాటేమీ కాదు. పాల్ మొకపెట్రిస్ 1987లో రాసిన ఆర్‌ఎఫ్‌సీ 1035 అనే ఇంటర్నెట్ నియమాల పత్రంలోనే ఉంది.

ఇందులో నాకు చాలా ఇష్టమైన విషయం ఒకటుంది, కాసేపు అక్కడ ఆగుతాను. డొమైన్ పేరుని ఇంటి చిరునామాలా చదవాలి. ముందు ఇల్లు, తర్వాత వీధి, తర్వాత ఊరు. చిన్నది ఎడమవైపు, పెద్దది కుడివైపు. ఐపీ అడ్రస్ ఫోన్ నంబరు లాంటిది. ముందు దేశం కోడ్, తర్వాత ఊరి కోడ్, చివర మన ఇంటి నంబరు. పెద్దది ఎడమవైపు. డీఎన్ఎస్ చెట్టు కుడి నుంచి ఎడమకి దిగుతుంది కాబట్టి, ఐపీని ఆ చెట్టులో పెట్టాలంటే తిరగేసి రాయాలి. అందుకే 203.0.113.25 కోసం వెతికేటప్పుడు కంప్యూటర్ నిజంగా అడిగే పేరు 25.113.0.203 డాట్ ఇన్-యాడర్ డాట్ ఆర్పా. చివరి ఆర్పా అనే మాట ఆర్పానెట్ కాలం నుంచి వచ్చింది. చాలామంది రివర్స్ అనే మాటని ఈ తిరగేసిన అంకెలతో ముడిపెట్టి గుర్తుపెట్టుకుంటారు. తప్పులేదు గానీ, అసలు తిరగబడేది ఇంకొకటి ఉంది. అధికారం.

ఇది జాగ్రత్తగా వినండి, ఎందుకంటే కొత్తవాళ్లు రోజులకి రోజులు పోగొట్టుకునేది ఇక్కడే. డొమైన్ మనం కొనుక్కున్నాం. దాని జోన్, అంటే ఆ పేరు కింది రికార్డుల జాబితా, మన చేతిలో ఉంది. ఏ రికార్డు, మెయిల్ ఎక్కడికి రావాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు, టెక్స్ట్ రికార్డు, ఏది కావాలంటే అది పెట్టుకుంటాం. అదే ప్యానెల్‌లోకి వెళ్లి పీటీఆర్ అని ఎంచుకుని, ఐపీ రాసి, పేరు రాసి, సేవ్ కొడతాం. ప్యానెల్ కూడా ఏమీ అనకుండా సేవ్ చేసేస్తుంది. రేపటికల్లా వస్తుందిలే అని ఎదురుచూస్తాం. రాదు. ఎన్ని రోజులైనా రాదు. ఎందుకంటే ఆ నంబరు మనది కాదు, అద్దెకి తీసుకున్నాం. నంబర్ల చెట్టు వేరే దారిలో దిగుతుంది. లోకానికంతా నంబర్లు పంచే ఐఏఎన్ఏ నుంచి ఐదు ప్రాంతీయ రిజిస్ట్రీలకి, అంటే ఏపీనిక్, రైప్, ఆరిన్, లాక్‌నిక్, ఆఫ్రినిక్, అక్కడి నుంచి హోస్టింగ్ కంపెనీకి గానీ ఇంటర్నెట్ కంపెనీకి గానీ. ఇంటి గోడకి బోర్డు పెట్టాలంటే ఇంటి ఓనర్‌ని అడగాలి కదా, అలాగే పీటీఆర్ పెట్టాలంటే ఐపీ ఎవరిదో వాళ్లనే అడగాలి. డొమైన్ అమ్మినవాళ్లని ఎంత అడిగినా లాభం లేదు.

అవతలి మెయిల్ సర్వర్లు పీటీఆర్‌ని అంతగా పట్టించుకోవడానికి కారణం కూడా ఇదే. స్పామ్‌లో పెద్ద భాగం ఒకప్పుడు వైరస్ పట్టిన ఇంటి కంప్యూటర్ల నుంచి వచ్చేది. ఆ కంప్యూటర్‌ని చేజిక్కించుకున్నవాడు దాని నుంచి లక్ష మెయిళ్లు పంపగలడు, కానీ దాని పీటీఆర్ మార్చలేడు. అది ఇంటర్నెట్ కంపెనీ చేతిలో ఉంటుంది. కాబట్టి ఒక ఐపీకి మెయిల్ సర్వర్‌కి తగిన పేరు ఉందంటే, ఐపీ యజమానీ సర్వర్ నడిపేవాడూ ఒక మాట మీద ఉన్నారని అర్థం. పైగా మెయిల్‌లో ఒక్క అక్షరం చదవకుండానే, రెండు చిన్న డీఎన్ఎస్ ప్రశ్నలతో ఇది తేలిపోతుంది. లక్షల కనెక్షన్లు వచ్చే సర్వర్‌కి ఇంత చవకగా తేలే పరీక్ష దొరకడం కష్టం.

రెండు ప్రశ్నలు అన్నాను. ఒకటి ఎందుకు చాలదో చెప్తాను. ఐపీ యజమాని తన పీటీఆర్‌లో ఏ పేరైనా రాసుకోవచ్చు. పెద్ద బ్యాంకు పేరు రాసుకున్నా డీఎన్ఎస్ అడ్డుకోదు. అందుకని అవతలి సర్వర్ ముందు నంబరు ఇచ్చి పేరు అడుగుతుంది. వచ్చిన పేరుని పట్టుకుని మళ్లీ నంబరు అడుగుతుంది. మొదలుపెట్టిన నంబరుకే తిరిగొస్తే సరే. రాకపోతే ఆ పేరు చెల్లదు. పోస్ట్‌ఫిక్స్ అయితే పీటీఆర్ ఉన్నా సరే, ఈ రెండో అడుగు తప్పితే లాగ్‌లో అన్‌నోన్ అనే రాస్తుంది. దీనికి మూడో ముక్క కూడా కలపండి: మన సర్వర్ కనెక్ట్ అవగానే "హెలో, నేను ఫలానా" అని చెప్పుకునే పేరు. పోస్ట్‌ఫిక్స్‌లో అది మైహోస్ట్‌నేమ్ సెట్టింగ్ నుంచి వస్తుంది. హెలో పేరు, ఏ రికార్డు, పీటీఆర్, ఈ మూడూ ఒకే మాట చెప్పాలి. సెటప్ అంతా ఇంతే.

నియమాల సంగతి అడిగితే, హెలోలో చెప్పిన పేరు ఐపీతో సరిపోలలేదన్న ఒక్క కారణంతో మెయిల్‌ని తిప్పికొట్టకూడదనే 2008 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5321 చెప్తుంది. కానీ ఆచరణ వేరుగా ఉంది. ఎవరి సర్వర్ వాళ్లిష్టం. జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి, పంపేది రోజుకి పది మెయిళ్లయినా పదివేలయినా, ఐపీకి ముందు దారీ (పేరు నుంచి నంబరు) వెనక దారీ (నంబరు నుంచి పేరు) సరిగ్గా ఉండాలని రాతపూర్వకంగానే అడుగుతోంది. లేకపోతే 550, 5.7.25 అనే కోడ్‌తో తిరస్కరిస్తుంది. ఆ కోడ్ కనిపిస్తే ఇంకెక్కడా వెతకొద్దు, తిన్నగా పీటీఆర్ దగ్గరికే వెళ్లండి.

550 రావడం నిజానికి మన అదృష్టం. వెంటనే తెలుస్తుంది. నాకు జరిగింది 450.

చాలా ఏళ్ల కిందటి మాట. నా దగ్గర పనిచేసిన కుర్రాడు ఒకరు పై చదువుకి దరఖాస్తు చేసుకుంటూ సిఫారసు లేఖ అడిగాడు. శ్రద్ధగా రాశాను. సోమవారం పొద్దున నా సొంత సర్వర్ నుంచి పంపాను. గడువు శుక్రవారం. ఆ వారమంతా నా మిగతా మెయిళ్లన్నీ చక్కగా వెళ్తున్నాయి, జవాబులూ వస్తున్నాయి. శనివారం పొద్దున ఆ లేఖ బౌన్స్ అయి నా దగ్గరికే తిరిగొచ్చింది. అవతలి సర్వర్ ఆ ఐదు రోజులూ "మీ రివర్స్ హోస్ట్‌నేమ్ దొరకడం లేదు" అంటూ 450 ఇస్తూనే ఉంది. 4తో మొదలయ్యే కోడ్ అంటే తాత్కాలికం, మళ్లీ రమ్మని. నా పోస్ట్‌ఫిక్స్ బుద్ధిగా మళ్లీ మళ్లీ వెళ్లింది. మామూలు సెట్టింగ్‌లో అది ఐదు రోజులు ప్రయత్నిస్తుంది, మధ్యలో పంపినవాడికి ఒక్క ముక్క కూడా చెప్పదు. ఆ కుర్రాడు నన్ను ఒక్క మాట అనలేదు. నాకు మాత్రం ఆ రోజు నుంచి ఈ విషయం వదిలిపెట్టలేదు. సొంత సర్వర్ నడపడం అంటే ఇంకొకరి గడువు మన చేతిలో పెట్టుకోవడం అని నాకు తెలిసొచ్చింది అప్పుడే. ఇంటికెళ్లగానే చేయండి: పోస్ట్‌ఫిక్స్‌లో డిలే వార్నింగ్ టైమ్ అనే సెట్టింగ్‌ని నాలుగు గంటలకి పెట్టండి. మెయిల్ క్యూలో చిక్కుకుంటే పంపినవాళ్లకి కబురు వెళ్తుంది. మెయిల్‌క్యూ అని కమాండ్ కొట్టి రోజుకి ఒకసారి క్యూ చూసుకోండి.

ఇంతకీ తప్పు ఎక్కడ జరిగిందో చెప్పాలి. నేను పీటీఆర్ పెట్టుకున్నాను! సరిగ్గానే పెట్టుకున్నాను. సర్వర్ మార్చినా ఐపీ మారకూడదని హోస్టింగ్ కంపెనీ దగ్గర విడిగా ఒక రిజర్వ్‌డ్ ఐపీ తీసుకుని, దానికి పేరు పెట్టాను. లోపలికి వచ్చే మెయిల్ దాని మీదే వచ్చేది. బయటికి వెళ్లే మెయిల్ మాత్రం సర్వర్‌తో పాటు పుట్టిన అసలు ఐపీ మీద వెళ్తోంది. దానికి పీటీఆర్ లేదు. వచ్చే దారికి బోర్డు కట్టి, వెళ్లే దారి వదిలేశాను. పీటీఆర్ కావలసింది బయటికి వెళ్లే ఐపీకి. చాలా మిషన్లు ఒకే ఐపీ పంచుకునే నాట్ వెనక సర్వర్ పెట్టుకున్నవాళ్లకీ, రెండు ఐపీలున్నవాళ్లకీ, ప్రోగ్రాముని విడి పెట్టెలో నడిపే డాకర్ వాడేవాళ్లకీ ఇదే చిక్కు వస్తుంది.

మీ మెయిల్ ఏ ఐపీ మీద వెళ్తోందో ఊహించొద్దు. వేరే చోట ఉన్న మీ ఇంకో అకౌంట్‌కి ఒక మెయిల్ పంపి, దాని పూర్తి హెడర్లు తెరవండి. రిసీవ్‌డ్ అని మొదలయ్యే లైన్లుంటాయి. వాటిలో మీ సర్వర్ నుంచి తీసుకున్నట్టు అవతలి సర్వర్ రాసిన లైను చూడండి. "ఫ్రమ్" తర్వాత ఒక పేరు ఉంటుంది. అది మనం హెలోలో చెప్పుకున్న పేరు. దాని పక్కన బ్రాకెట్‌లో ఇంకో పేరు, దాని వెంట ఐపీ ఉంటాయి. బ్రాకెట్‌లో ఉన్నది అవతలివాళ్లు విచారించి కనుక్కున్న పేరు. ఒక్క లైనులో మన మాట, లోకం మాట పక్కపక్కనే ఉంటాయి. రెండూ ఒకటే అయితే పని అయినట్టే. బ్రాకెట్‌లో అన్‌నోన్ అని ఉన్నా, ఐపీ అంకెలన్నీ గుచ్చిన పొడుగాటి పేరు ఉన్నా పని మిగిలి ఉంది.

ఆ అంకెలు గుచ్చిన పేరు గురించి ఒక మాట. చాలా కంపెనీలు అడక్కుండానే ప్రతి ఐపీకీ ఒక పీటీఆర్ పెడతాయి. హోస్ట్ 203-0-113-25 అనో, మధ్యలో డైనమిక్ అనో ఉంటుంది. ఉంది కదా అని సరిపెట్టుకోవద్దు. ఇలాంటి పేరు చూడగానే ఇంటి కనెక్షన్ అని స్పామ్ ఫిల్టర్లు మార్కులు తగ్గిస్తాయి. ఇంటి కనెక్షన్ల ఐపీలనైతే స్పామ్‌ని అడ్డుకునే స్పామ్‌హాస్ సంస్థ వాళ్ల పీబీఎల్ జాబితాలో ముందే పెట్టేసి ఉంటారు. చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఇంటి నుంచి బయటికి 25వ పోర్టునే మూసేస్తాయి. ఇంట్లో సర్వర్ పెట్టుకోవాలన్న కోరిక నాకు అర్థమవుతుంది, నాకూ ఉండేది. స్థిరమైన ఐపీ, దానికి పీటీఆర్, తెరిచిన 25వ పోర్టు, మూడూ దొరికితే పెట్టుకోండి. లేదంటే ఉత్తరాల పెట్టె ఇంట్లోనే ఉంచి, బయటికి పంపే పని మాత్రం అద్దెకి దొరికే చిన్న వీపీఎస్ సర్వర్‌కి అప్పగించండి.

ఇక చేసే పని. వరస ముఖ్యం. ముందు పేరు ఎంచుకోండి: మెయిల్ అనో, ఎంఎక్స్1 అనో, మీ డొమైన్ కింద. దానికి ఏ రికార్డు పెట్టండి, ఇంకో పేరువైపు చూపించే సీనేమ్ వద్దు. ఏ రికార్డు ముందు ఎందుకంటే, పేరు తిరిగి ఆ ఐపీకే వస్తోందని చూశాకే కొన్ని కంపెనీలు పీటీఆర్ పెట్టనిస్తాయి. తర్వాత హోస్టింగ్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ భాగంలో రివర్స్ డీఎన్ఎస్ అని వెతకండి. కొన్నిచోట్ల అలాంటి గడి ఉండదు. డిజిటల్ ఓషన్‌లో సర్వర్‌కి పెట్టిన పేరే పీటీఆర్ అవుతుంది, కాబట్టి సర్వర్‌కే మెయిల్ డాట్ ఎగ్జాంపుల్ డాట్ ఆర్గ్ అని పూర్తి పేరు పెట్టాలి. గడీ లేక, దారీ లేకపోతే సపోర్ట్‌కి టికెట్ రాయండి. ఐపీ ఇది, పెట్టవలసిన పేరు ఇది, ఏ రికార్డు ముందే పెట్టాను అని మూడు లైన్లు చాలు. సంస్థలకి ఎనిమిదో పదహారో ఐపీల చిన్న ముక్క ఇచ్చినప్పుడు, ఆ ముక్క రివర్స్ జోన్‌ని మన డీఎన్ఎస్ సర్వర్‌కే అప్పగించే పద్ధతి కూడా ఉంది. 1998 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2317 దాని గురించే.

అలా జోన్ మన చేతికి వస్తే ఒక చుక్క దగ్గర జాగ్రత్త. పీటీఆర్‌లో పేరు రాశాక చివర చుక్క పెట్టాలి. మర్చిపోతే డీఎన్ఎస్ సర్వర్ అది సగం పేరు అనుకుని, దాని వెనక జోన్ పేరంతా తగిలిస్తుంది. అప్పుడు జవాబు మెయిల్ డాట్ ఎగ్జాంపుల్ డాట్ ఆర్గ్ తర్వాత జోన్ పేరు కలిసి, చివర 113.0.203 డాట్ ఇన్-యాడర్ డాట్ ఆర్పా అని వస్తుంది. తోక చూడగానే చుక్క గుర్తురావాలి.

పరీక్షకి డిగ్ కమాండ్, మైనస్ ఎక్స్, ఐపీ. తిరగేసి రాసే శ్రమ అదే పడుతుంది. వచ్చిన పేరుతో మళ్లీ డిగ్ కొట్టండి. తొందరపడి పీటీఆర్ పెట్టకముందే పదిసార్లు డిగ్ కొట్టి ఉంటే, లేదు అన్న జవాబుని కూడా, మన తరఫున డీఎన్ఎస్‌ని అడిగిపెట్టే రిజాల్వర్లు కొంతసేపు గుర్తుపెట్టుకుంటాయి. పెట్టాక కూడా లేదనే అంటుంటే టెన్షన్ పడకండి. ఆ జోన్ అసలు నేమ్‌సర్వర్ ఏదో చూసి దాన్నే అడగండి. అక్కడ ఉంటే మిగతా చోట్లకి వస్తుంది. ఇంకో సంగతి: మన సర్వర్‌లో పింగ్ చేస్తే పేరు కనిపిస్తోంది కదా అని నమ్మొద్దు. అది హోస్ట్స్ ఫైల్‌లో మనం రాసుకున్నదే అయి ఉండొచ్చు. డిగ్ ఆ ఫైల్ వైపు చూడదు, అందుకే డిగ్ మాట నమ్మండి.

ఐపీవీ6, అంటే కొత్త తరం పొడుగాటి ఐపీ అడ్రస్‌ల సంగతి. చాలామంది ఇప్పటిదాకా చూసిన ఐపీవీ4కి అన్నీ పెట్టి దీన్ని మర్చిపోతారు. సర్వర్‌కి ఐపీవీ6 ఉండి, అవతలివాళ్లకీ ఉంటే, మెయిల్ దాని మీదే వెళ్లిపోవచ్చు. అక్కడ పీటీఆర్ లేకపోతే అదే 5.7.25. ఒక్కో అడ్రస్‌లో 32 అంకెలు, అన్నింటినీ తిరగేసి మధ్యలో చుక్కలు పెట్టి, చివర ఐపీ6 డాట్ ఆర్పా. చేత్తో రాయకండి, ఒక్క అంకె జారినా దొరకదు. పేరుకి ఐపీవీ6 నంబరు చెప్పే క్వాడ్-ఏ రికార్డు కూడా పెట్టాలి. హోస్టింగ్ కంపెనీ ఇచ్చే ఐపీవీ6 ముక్క చాలా పెద్దది, అందులో మెయిల్ ఏ ఒక్క అడ్రస్ నుంచి వెళ్తుందో దాన్ని పోస్ట్‌ఫిక్స్‌లో స్థిరంగా కట్టేయండి. మీ కంపెనీ ఐపీవీ6కి పీటీఆర్ ఇవ్వకపోతే, మెయిల్ మట్టుకు ఐపీవీ4 మీదే నడిపించండి. దానికోసం మొత్తం సర్వర్‌లో ఐపీవీ6 ఆపేయనక్కర్లేదు.

ఇక్కడ ఎవరో చెయ్యెత్తారు, చెప్పండి.

"అయ్యా, నా సర్వర్ మీద ఏడు డొమైన్లున్నాయి. ఏడు పీటీఆర్‌లు పెట్టాలా?"

మంచి ప్రశ్న, చాలామందికి ఉండే సందేహం. వద్దు, ఒక్కటే పెట్టండి. పీటీఆర్ చెప్పేది సర్వర్ పేరు. మెయిల్‌లో ఫ్రమ్ అడ్రస్‌తో దానికి పోలిక ఉండనక్కర్లేదు. ఒకే పోస్టాఫీసు నుంచి వంద ఇళ్ల ఉత్తరాలు వెళ్తాయి, ముద్ర మాత్రం పోస్టాఫీసుదే. ఏడు డొమైన్ల ఎంఎక్స్‌లూ ఆ ఒక్క పేరువైపే చూపించండి. ఒక ఐపీకి ఏడు పీటీఆర్‌లు పెడితే అవతలి సర్వర్‌కి ఏది ముందొస్తుందో మన చేతిలో ఉండదు. డొమైన్ ఎవరిదో రుజువు చేసే పని ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్‌లది. అవి ఏడింటికీ విడివిడిగా పెట్టాలి. పీటీఆర్ ఉంది కదా అని వాటిని వదిలేయొద్దు, అవి ఉన్నాయి కదా అని దీన్నీ వదిలేయొద్దు.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. పీటీఆర్ ఐపీని అంటిపెట్టుకుని ఉంటుంది, మనతో రాదు. వేరే కంపెనీకి మారితే కొత్త ఐపీకి మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలి. మారేముందే పెట్టి, పరీక్షించి, ఆ తర్వాతే మెయిల్ అటు తిప్పండి. కొత్త ఐపీ చేతికి రాగానే మొదట డిగ్ మైనస్ ఎక్స్ కొట్టి చూడండి. పాత అద్దెదారు పేరు ఇంకా అక్కడే ఉండొచ్చు. నాకు ఒకసారి ఎవరిదో చిన్న వ్యాపారం మెయిల్ సర్వర్ పేరు అలా కనిపించింది. వాళ్లు ఆ ఐపీ వదిలేసి వెళ్లిపోయారు, పేరు మాత్రం మిగిలిపోయింది. వాళ్ల ఏ రికార్డు కూడా ఇంకా అదే నంబరు చూపిస్తోంది. అంటే ఆ ఐపీ తీసుకున్న ఎవరైనా, లోకం ముందు వాళ్ల మెయిల్ సర్వర్‌గా నిలబడొచ్చు. వాళ్ల వెబ్‌సైట్‌లో ఉన్న ఫోన్ నంబరు వెతికి పట్టుకుని విషయం చెప్పాను. ఆ సాయంత్రమే ఏ రికార్డు తీసేశారు. నేను నా ప్యానెల్‌లో పీటీఆర్ మార్చుకున్నాను.

కాబట్టి సర్వర్ ఖాళీ చేసేటప్పుడు, డిలీట్ బటన్ నొక్కేముందు, పీటీఆర్ గడిలో మీ పేరు తుడిచేయండి. మీ జోన్‌లో ఆ ఐపీ ఉన్న ఏ రికార్డునీ, ఎస్‌పీఎఫ్‌లో ఆ నంబరునీ తీసేయండి. ఆ తర్వాతే డిలీట్ నొక్కండి.

నమస్కారం. ఇంకా ప్రశ్నలుంటే ఇక్కడే ఉంటాను, రండి.